ర్యామ్ తక్కువ బోర్డులో కంపైల్ మధ్యలో ఆగిపోతుంటే: జాబ్స్ తగ్గించడం, జీర్యామ్, స్వాప్, క్రాస్ కంపైల్ – ఏది మేలు?

512 ఎంబీ ర్యామ్, నాలుగు కోర్లు ఉన్న రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్ బోర్డు మీద పెద్ద సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్ట్ బిల్డ్ చేస్తే ఒకసారి పూర్తవుతుంది, ఇంకోసారి సగంలో ఆగిపోతుంది. కోడ్ మారదు, కంపైలర్ మారదు. ఎవరినడిగినా ముందు ‘స్వాప్ పెంచు’ అంటారు, అంటే ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌లో వాడుకునే చోటు పెంచమని. నేనైతే దాన్ని చివరికి ఉంచుతాను.

ఏది మేలో తేల్చేముందు జబ్బేమిటో తెలియాలి. జీసీసీ కంపైలర్ ‘కిల్డ్’ అని, తనలో అసలు కంపైల్ పని చేసే సీసీ1ప్లస్ పేరు చూపించి ఆగిందా? కెర్నల్ సందేశాలు చూపించే డీమెసేజ్‌లో ‘అవుట్ ఆఫ్ మెమరీ’ లైన్ ఉందా? ఉంటే మెమరీ చాలక కెర్నలే దాన్ని చంపేసింది. అలా కాక ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ వస్తూ, అది ప్రతిసారీ వేరే ఫైల్ దగ్గర వస్తుంటే ర్యామ్‌నో, పవర్ సప్లైనో, వేడినో అనుమానించాలి. కొన్ని జీసీసీ బిల్డ్‌లు అదే ఫైల్‌ను మళ్లీ కంపైల్ చేసి చూసి, తప్పు మళ్లీ రాలేదు కాబట్టి హార్డ్‌వేర్ సమస్య కావచ్చని తామే చెప్తాయి. రాస్ప్‌బెర్రీ పై అయితే వీసీజెన్‌కమాండ్‌తో ‘గెట్ థ్రాటిల్డ్’ అడగండి; కరెంటు తగ్గిందా, వేడెక్కిందా అన్నది ఇది చెప్తుంది, సున్నా రావాలి. రీబూట్ చేస్తే పాత గుర్తులు పోతాయి కాబట్టి బిల్డ్ ఆగిన వెంటనే చూడాలి. ఇక్కడ తేడా కనిపిస్తే కింద చెప్పేవేవీ పనికిరావు, ముందు అడాప్టర్, కేబుల్, వేడి సంగతి చూడండి.

ఇక మెమరీ కేసు. ఒకసారి వచ్చి ఒకసారి రాకపోవడంలో వింతేమీ లేదు. బిల్డ్ నడిపే మేక్‌కి నాలుగు జాబ్స్ ఇస్తే, అంటే ఒకేసారి నాలుగు ఫైళ్లు కంపైల్ చేయమంటే, ఏ నాలుగు ఫైళ్లు ఒకే సమయంలో పడతాయన్నది ప్రతిసారీ కొంచెం మారుతుంది. టెంప్లేట్లు దండిగా ఉన్న ఫైల్ ఒక్కటే కొన్ని వందల ఎంబీ తినేస్తుంది. అలాంటివి రెండు కలిస్తే అంతే. మళ్లీ మేక్ కొడితే పూర్తయిపోవడానికి కారణం కూడా ఇదే: అయిపోయిన ఫైళ్లు పక్కకు తప్పుకుంటాయి, పోటీ తగ్గుతుంది.

అందుకే జాబ్స్ తగ్గించడమే మొదటి మందు. ఖర్చు లేదు, రిస్క్ లేదు, టైమ్ మాత్రం పడుతుంది. మేక్ బదులు నింజా వాడేవాళ్లు జాగ్రత్త: ఏమీ చెప్పకపోతే నాలుగు కోర్లకు ఆరు జాబ్స్ నడుపుతుంది. డీబగ్ సమాచారం అక్కర్లేకపోతే తీసేయండి, కంపైలైన ముక్కల్ని చివర్లో ఒక్క ప్రోగ్రామ్‌గా కలిపే లింకర్‌కి చాలా ఊపిరి ఆడుతుంది. టెంప్ ఫోల్డర్ ర్యామ్‌లోనే మౌంట్ అయి ఉందేమో కూడా చూడండి, చాలామంది దీన్ని మర్చిపోతారు.

ఒక్క జాబ్‌తోనూ ఆగిపోతుంటే అప్పుడు జీర్యామ్. ఇది ర్యామ్‌లోనే పేజీలను కుదించి దాచుతుంది. కంపైలర్ డేటా సాధారణంగా బాగానే కుదించుకుపోతుంది, ఎస్డీ కార్డు అరగదు, ప్రాసెసర్ మీద మాత్రం కొంత భారం. అయితే కుదించినదీ ర్యామ్‌లోనే ఉంటుంది కదా, దానికీ హద్దుంది. 512 ఎంబీ బోర్డు మీద రెండు జీబీ అడిగే ఫైల్‌ని అది గట్టెక్కించలేదు.

ఎస్డీ కార్డు మీద స్వాప్ ఫైల్ గట్టెక్కించవచ్చు. కానీ ఎంత సేపటికి? పేజీలు అటూ ఇటూ తిరుగుతూ బోర్డు స్తంభించిపోతుంది, ఎస్ఎస్‌హెచ్ కూడా పలకదు, కార్డు మీద రాతలు పెరుగుతాయి. యూఎస్‌బీ ఎస్ఎస్‌డీ ఉంటే లెక్క వేరు. ఎప్పుడో ఒకసారి చేసే బిల్డ్‌కి, జీర్యామ్‌కి ఎక్కువ ప్రయారిటీ ఇచ్చి దాని వెనక స్వాప్‌ని ఉంచితే సరిపోతుంది.

రోజూ బిల్డ్ చేసేవాళ్లు మాత్రం వీటితో కుస్తీ పట్టకుండా పెద్ద మెషిన్ మీద క్రాస్ కంపైల్‌కి, అంటే బోర్డుకి కావలసిన ప్రోగ్రామ్‌ను అక్కడే తయారుచేయడానికి, వెళ్లడమే మేలు. మొదట్లో తలనొప్పి తప్పదు. టూల్‌చెయిన్‌లోని (ఆ కంపైలర్ సామగ్రిలోని) గ్లిబ్‌సీ, అంటే ప్రోగ్రామ్‌లు ఆధారపడే సీ లైబ్రరీ, బోర్డులోని దానికంటే కొత్తదైతే ప్రోగ్రామ్ మొదలే కాకపోవచ్చు. మొదటి రాస్ప్‌బెర్రీ పై జీరోలో ఉన్నది ఏఆర్ఎమ్‌వీ6 అనే పాత తరం ప్రాసెసర్; డెబియన్ ఇచ్చే ఏఆర్ఎమ్‌హెచ్ఎఫ్ కంపైలర్ ఏఆర్ఎమ్‌వీ7 కోడ్ తయారుచేస్తుంది. బిల్డ్ శుభ్రంగా పూర్తవుతుంది, నడిపితే ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అంటుంది. ఈ సెటప్ అంతా బరువనిపిస్తే కంపైల్ పనిని నెట్‌వర్క్‌లోని వేరే మెషిన్లకు పంచే డిస్ట్‌సీసీ ఉంది, కానీ అందులో లింకింగ్ బోర్డు మీదే జరుగుతుంది. మీ బిల్డ్ ఆగేది లింకర్ దగ్గరైతే దానివల్ల ఒరిగేదేమీ లేదు.