స్లీవ్ శస్త్రచికిత్స: ఆపరేషన్‌కు పూర్తి మార్కులు, ఆ తరువాతి సంరక్షణకు సగమే

ఏడాదిన్నర క్రితం నేను స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ అనే బరువు తగ్గించే శస్త్రచికిత్స చేయించుకున్నాను. అప్పటికి నా బరువు 128 కిలోలు, ఎత్తు 163 సెంటీమీటర్లు, అంటే బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూపే కొలత) 48. ఇప్పుడు 84 కిలోలున్నాను. ఈ తేడా చూసిన వాళ్లందరూ మొదట అడిగేది ఆసుపత్రి పేరే. ఆ పేరు రాయకుండానే ఈ సమీక్ష రాస్తున్నాను, ఎందుకంటే నాకు ఎదురైన మంచీ చెడూ రెండూ ఈ సేవ అందించే ఏ చోటనైనా ముందుగా ఆరా తీయవలసిన విషయాలే. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను: ఈ చికిత్సలో ఆపరేషన్ గదిలో గడిచేది గంటన్నర, రెండు గంటలు. ఆ తరువాత రెండేళ్ల పాటు మనల్ని ఎవరు కనిపెట్టుకుని ఉంటారన్న దాన్ని బట్టే ఆ సేవ ఎలాంటిదో తేల్చాలి.

ఈ నిర్ణయానికి నేను తొందరపడి రాలేదు. మోకాళ్ల నొప్పులు, మధుమేహం, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు మూడూ ఒకేసారి ముదిరాయి. రాత్రిళ్లు ఒత్తిడితో గాలిని పంపే సీప్యాప్ మాస్కు పెట్టుకోనిదే నిద్రపోలేని స్థితి వచ్చింది. బీఎంఐ 40 దాటిన వారికి, లేదా 35 దాటి మధుమేహం వంటి జబ్బులున్న వారికి ఈ శస్త్రచికిత్స చేయవచ్చన్న కొలమానం 1991 నుంచి ఉంది. 2022లో అంతర్జాతీయ వైద్య సంఘాలు దాన్ని సవరించి, ఇతర జబ్బులున్నా లేకున్నా 35 దాటితే సిఫారసు చేయవచ్చని చెప్పాయి. ఏ లెక్కన చూసినా నేను అర్హురాలినే. అయినా సర్జన్ మొదటి భేటీలోనే తేదీ ఇవ్వలేదు. కాగితం మీద జీర్ణాశయం బొమ్మ గీసి, స్లీవ్‌లో దాని బయటి వంపు వెంబడి దాదాపు 75 నుంచి 80 శాతం భాగం తీసేసి అరటిపండు ఆకారంలో సన్నని గొట్టాన్ని మిగులుస్తారని, తీసేసిన భాగం మళ్లీ రాదని, బైపాస్ అనే మరో పద్ధతిలో అయితే జీర్ణాశయాన్ని చిన్న సంచిగా చేసి పేగును దానికి కలుపుతారని ఓపికగా వివరించారు. ఛాతీలో మంట తీవ్రంగా ఉన్నవారికి స్లీవ్ తరువాత అది మరింత పెరిగే ప్రమాదం ఉంది కాబట్టి ఎండోస్కోపీ చేసి చూసిన తరువాతే ఏ పద్ధతి అన్నది తేల్చారు. ఆ బొమ్మ గీసిన కాగితం ఇప్పటికీ నా ఫైలులో ఉంది.

ఆపరేషన్‌కు ముందు మానసిక నిపుణురాలిని కలవాలన్నప్పుడు నాకు నిజంగా కష్టం తోచింది. నా బాధ శరీరానిది, దానికి మనసును పరీక్షించడమేమిటని అనుకున్నాను. ఆమె ఒకే ఒక్క ప్రశ్న అడిగి చాలాసేపు మౌనంగా కూర్చున్నారు: "రోజంతా పని చేసి ఇంటికి వచ్చాక మీకు ఊరటనిచ్చేది తిండేనని మీరే చెప్పారు కదమ్మా, రేపు అది తీసేస్తే ఆ సాయంత్రాల్లో ఏం మిగులుతుంది?" నా దగ్గర జవాబు లేదు. ఆపరేషన్ అయిన రెండో నెలలో, ఆకలి లేకపోయినా వంటగది వైపు కాళ్లు వాటంతటవే నడుస్తున్నప్పుడు, ఆ ప్రశ్న ఎంత అవసరమైనదో అర్థమైంది. ఈ మొత్తం ప్యాకేజీలో నేను అనవసరమనుకున్నదే చివరికి ఎక్కువగా ఉపయోగపడింది.

శస్త్రచికిత్సకు ముందు రెండు వారాలు తక్కువ కేలరీల ఆహారం మీద ఉంచారు. ఇది బరువు తగ్గడం కోసమేనని నేను పొరబడ్డాను. కాలేయంలో పేరుకున్న కొవ్వు తగ్గి, అది కొంత కుంచించుకుపోతే, దాని కింద ఉన్న జీర్ణాశయాన్ని చేరుకోవడం సర్జన్‌కు సులువవుతుందని, లోపలి ప్రమాదం తగ్గుతుందని డైటీషియన్ చెప్పారు. కారణం తెలిసిన తరువాత ఆ పథ్యం అంత కష్టంగా అనిపించలేదు. చెప్పిన ప్రతి నియమానికీ కారణం కూడా చెప్పడం ఈ ఆసుపత్రిలో నాకు బాగా నచ్చిన పద్ధతి.

ఆపరేషన్ రోజు గురించి రాయడానికి ఎక్కువ లేదు. కడుపు మీద ఐదు చిన్న కోతలు, మత్తు దిగాక గొంతు ఎండిపోవడం, ఇంత వరకే గుర్తుంది. కోతల దగ్గర నొప్పి నేను భయపడినంత లేదు. కానీ కుడి భుజంలో మొదలైన పోటు గురించి ముందుగా ఎవరూ గట్టిగా చెప్పలేదు. లాపరోస్కోపీ, అంటే చిన్న కోతల ద్వారా కెమెరాతో చేసే ఆపరేషన్ కోసం పొట్టను ఉబ్బించే కార్బన్ డయాక్సైడ్ వాయువు కొంత లోపల మిగిలి, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండర పొరను (ఉదరవితానాన్ని) రేపడం వల్ల ఆ నొప్పి భుజంలో తెలుస్తుందట. మొదటి రాత్రి గుండెకేదో అయిందేమోనని వణికిపోయాను. రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు వచ్చి, "లేవండమ్మా, నాలుగడుగులు వేద్దాం, గ్యాస్ కదిలితే పోటు తగ్గుతుంది" అని చేయి అందించారు. సెలైన్ స్టాండును ఒక చేత్తో, ఆమె మోచేతిని మరో చేత్తో పట్టుకుని వరండా చివరి కిటికీ దాకా వెళ్లి వచ్చాను. ఆపరేషన్ అయి ఆరు గంటలే అయింది. కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టకుండా ఉండడానికి కూడా ఆ నడక తప్పనిసరి అని, దాంతో పాటు పొట్ట మీద వేసే ఇంజెక్షన్లు, కాళ్లకు బిగుతైన మేజోళ్లు అందుకేనని ఆమే చెప్పారు. ఆ వార్డు నర్సులకు నేను ఎన్ని మార్కులు వేసినా తక్కువే.

మరునాడు ఇచ్చిన మొదటి పానీయం ముప్పై మిల్లీలీటర్ల నీళ్లు. మందు పోసుకునే చిన్న ప్లాస్టిక్ కప్పులో అవి అడుగున మెరుస్తున్నాయి. ఒక్కో గుటకకు మధ్య కొన్ని నిమిషాలు ఆగుతూ, ఆ కప్పును పదిహేను నిమిషాల్లో ముగించాలన్నారు. మొదటి చుక్క దిగుతున్నప్పుడు ఛాతీ కింద అది ఎక్కడి దాకా వెళ్లిందో తెలిసింది, చిన్న గుడగుడ శబ్దం నాకే వినిపించింది. గ్లాసు ఎత్తి గటగటా తాగడమనేది ఇక చాలాకాలం ఉండదని అప్పుడు శరీరానికి తెలిసింది. మొదట పలుచని ద్రవాలు, తరువాత చిక్కని ద్రవాలు, ఆ పైన మెత్తగా మెదిపిన ఆహారం, ఆ తరువాత మృదువైన ఘనాహారం, ఇలా సుమారు ఆరేడు వారాల్లో మామూలు ఆహారానికి చేరుకున్నాను. రోజుకు కనీసం అరవై గ్రాముల ప్రొటీన్ అందాలి, భోజనంతో పాటు నీళ్లు తాగకూడదు, తిన్న తరువాత అరగంట ఆగాలి. వినడానికి తేలికే. ముద్దను ఇరవై, ముప్పై సార్లు నమలడం అలవాటు లేని నోటికి అది పెద్ద శిక్షణ.

ఎనిమిదో వారంలో ఒక మధ్యాహ్నం ఫోనులో మాట్లాడుతూ, కడుపు నిండినట్టు సూచన వచ్చినా గమనించకుండా ఒక్క ముద్ద ఎక్కువ తిన్నాను. ఛాతీ మధ్యలో ఇనుప ముద్ద ఇరుక్కున్నట్టయింది, నోట్లో నురగ లాంటి లాలాజలం ఊరింది, పది నిమిషాల తరువాత వాంతి అయ్యాక గాని ఊపిరి తేలిక కాలేదు. నిండిన సూచన నాకు ఇప్పుడు ఎలా వస్తుందో నేర్చుకున్నాను: ముక్కు కొద్దిగా కారుతుంది, ఒక నిట్టూర్పు దానంతటదే వస్తుంది. ఆ క్షణమే ముద్ద పక్కన పెట్టేయాలి.

మూడో వారం నుంచి దాదాపు పన్నెండు రోజుల పాటు బరువు ఒక్క వంద గ్రాములు కూడా కదలలేదు. ద్రవాలు తప్ప ఏమీ తీసుకోకపోయినా తూకం ఆగిపోవడం చూసి ఏడ్చాను. ఇది చాలామందికి వచ్చే దశ అని, శరీరంలోని గ్లైకోజెన్ (దాచుకున్న చక్కెర), నీటి నిల్వలు సర్దుకుంటున్నాయని డైటీషియన్ ఫోనులో చెప్పి, వారానికి ఒక్కసారే తూచుకోమన్నారు. అప్పటికి ఆమె నా ప్రతి ఫోనుకూ ఆ రోజే స్పందించేవారు.

నాలుగో నెలలో ఆమె ఉద్యోగం మానేశారు. నా అసంతృప్తి అంతా ఇక్కడి నుంచే మొదలైంది. కొత్తగా ఎవరినీ నాకు కేటాయించలేదు. ఇచ్చిన నంబరుకు ఫోను చేస్తే రిసెప్షన్‌కు వెళ్లేది, అక్కడి నుంచి "మీకు మళ్లీ చేస్తామండీ" అన్న మాట వచ్చేది, మళ్లీ ఫోను రాలేదు. సరిగ్గా అదే సమయంలో జుట్టు రాలడం మొదలైంది. తల దువ్వుకుంటే దువ్వెన పళ్ల మధ్య ఉండలుగా చిక్కుకునేది, స్నానాల గదిలో జాలీ మూసుకుపోయేది. వేగంగా బరువు తగ్గినప్పుడు మూడు నుంచి ఆరు నెలల మధ్య ఇలా జరగడం మామూలేనని, చాలా వరకు తిరిగి వస్తుందని తరువాత తెలిసింది. కానీ నా విషయంలో మరొకటి కూడా ఉంది. మా కుటుంబ వైద్యుడు రక్తపరీక్ష చేయిస్తే ఒంట్లోని ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ బాగా పడిపోయింది. నేను ఐరన్ మాత్రను, కాల్షియం మాత్రను రోజూ ఒకేసారి వేసుకుంటున్నానని తెలిసి ఆయన ఆశ్చర్యపోయారు. కాల్షియం ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు, రెండింటికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. నా డిశ్చార్జి కాగితంలో రెండు మాత్రల పేర్లూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి తప్ప ఎడం గురించి ఒక్క మాట లేదు. మూడో నెలలో జరగవలసిన రక్తపరీక్ష గురించి నాకు ఎవరూ గుర్తు చేయలేదు. అంత చక్కగా కారణాలు చెప్పిన చోటే, ఆపరేషన్ ముగిసిన కొన్ని నెలలకు ఒక్క వాక్యం రాయకపోవడం వల్ల నేను నాలుగు నెలల పాటు నీరసంతో మెట్లెక్కలేకపోయాను. ఇది నాకు ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది.

ఈ లోటును నేను సొంతంగా పూడ్చుకున్నాను. ఇప్పుడు ఆరు నెలలకోసారి బీ12, ఫెరిటిన్, డీ విటమిన్, కాల్షియం పరీక్షలు మా కుటుంబ వైద్యుడి దగ్గరే చేయించుకుంటున్నాను. జీర్ణాశయంలో ఎక్కువ భాగం లేని వారికి ఈ మాత్రలు జీవితాంతం ఉంటాయి. తాత్కాలికమనుకుని మానేసిన వారిలో నరాల బలహీనత దాకా వెళ్లే ప్రమాదం ఉంటుంది. నొప్పి మాత్రల్లో ఐబుప్రోఫెన్ వంటివి పుండ్లకు దారితీయవచ్చు కాబట్టి, ఏ మందు కొన్నా ముందు నా ఆపరేషన్ సంగతి చెబుతాను.

ఫలితం విషయానికి వస్తే, మధుమేహం మందులు అవసరం లేకుండా పోయాయి, సీప్యాప్ మాస్కు తొమ్మిదో నెలలో మళ్లీ నిద్ర పరీక్ష చేశాక తీసేశారు. మోకాళ్లు పూర్తిగా నయం కాలేదు, అయినా నడక నాకిప్పుడు శిక్షగా లేదు. పొట్ట మీద, చేతుల కింద వదులుగా వేలాడే చర్మం ఉంది. అది కేవలం అందానికి సంబంధించిన విషయమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, మడతల కింద చెమటకు ఒరిపిడి పుండ్లు పడతాయి. దీని గురించి కూడా ముందుగా చెప్పి ఉంటే బాగుండేది.

మళ్లీ ఆ రోజుకు వెళ్తే ఈ శస్త్రచికిత్స చేయించుకుంటానా అని అడిగితే, అవునంటాను. అదే సర్జన్ చేత, అదే వార్డులో. అయితే సంతకం పెట్టే ముందు నాలుగో నెలలో నా ఫోను ఎవరు ఎత్తుతారు, డైటీషియన్ మారితే ఎవరు బాధ్యత తీసుకుంటారు, మూడో నెల, ఆరో నెల, పన్నెండో నెల రక్తపరీక్షల తేదీలు ఎక్కడ రాసి ఇస్తారు అని అడిగి, ఆ జవాబులను కాగితం మీద తీసుకుంటాను. ఐరన్, కాల్షియం మాత్రల మధ్య ఎడం గురించి డిశ్చార్జి కాగితంలో ఒక వాక్యం చేర్చమని ఆసుపత్రికి ఉత్తరం రాశాను. గత నెల సమీక్షకు వెళ్లినప్పుడు పక్క మంచం ఆవిడ చేతిలోని కాగితం అడిగి చూశాను. ఆ వాక్యం ఇప్పుడు అందులో ఉంది, నల్ల సిరాతో, రెండు మాత్రల పేర్ల మధ్య.