బరంపురం దుకాణంలో దొరికిన సలంపాసు ముఖతొడుగు

బరంపురంలోని ఒక హస్తకళల దుకాణంలో ఇటీవల కొన్న ఆఫ్రికా ముఖతొడుగు గురించి, ఇలాంటివి కొనదలచిన వారికి పనికివస్తుందని రాస్తున్నాను. ఇది సలంపాసుల శైలిలో చేసినది. సలంపాసులు కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో, అంగోలా సరిహద్దుకు దగ్గరగా ఉండే జాతి. వారి యోధుల సంఘంలో సభ్యుడు రుసుము చెల్లించి ఒక్కో మెట్టు ఎక్కుతూ, ఆ మెట్టుకు తగిన ముఖతొడుగు ధరించే హక్కు సంపాదించుకొనేవాడు. వాటిలో కొన్ని కొయ్యవి, కొన్ని కొయ్యపై రాగిరేకు తాపినవి, కొన్ని పూర్తిగా నారతో అల్లినవి. నేను కొన్నది మూడో రకం.

పనితనానికి వంక పెట్టడానికి లేదు. తాటిజాతికి చెందిన రాఫియా చెట్టు లేతాకుల నుంచి తీసిన నారను ముడి పక్కన ముడి వేస్తూ తల మొత్తాన్ని అతుకు లేకుండా అల్లారు. నొసలు ఉబ్బుగా ముందుకు వచ్చింది. కంటి రంధ్రాల అంచులకు నారను రెండు వరుసలు చుట్టి బిగించారు. నడినెత్తిన, నల్లటి ఈకలపై తెల్లచుక్కలున్న గిన్నీకోడి ఈకల కుచ్చు ఉంది. బరంపురంలో అమ్మవారికి జరిగే మన ఠాకురాణి యాత్రలో వేషాలు చూసినవారికి ఇది గోడ అలంకారంగా కాక, ఒంటిపై నార దుస్తు, చుట్టూ ఆట ఉంటే తప్ప నిండుదనం రాని సగం వేషంగానే తోస్తుంది.

నా అభ్యంతరమల్లా 'వందేళ్ల నాటిది' అన్న చీటీ మీదనే. నిజంగా ధరించిన తొడుగైతే లోపల నుదురు, ముక్కు తగిలే చోట చెమట మరక, అరుగుదల ఉండాలి. ఇందులో నార ఇంకా లేత పసుపుగానే ఉంది. పైనున్న నలుపు తడి దూదికి అంటుకొని వచ్చింది. ఈ మాట చెప్పగానే దుకాణదారు వాదించకుండా రూ.11,000 నుంచి రూ.7,500కు దిగారు.

ఈకలు ఏ పక్షివో తప్పక అడగాలి. మధ్య ఆఫ్రికా తలపాగాల్లో బూడిదరంగు చిలుక ఎర్ర తోక ఈకలు వాడటం ఉంది. అడవిలో పట్టిన ఆ చిలుకల అంతర్జాతీయ వ్యాపారం 2017 నుంచి నిషిద్ధం. ఎర్ర ఈక కనిపించి, కాగితాలు చూపించకపోతే కొనకపోవడమే మేలు.

దుకాణం వారు ప్లాస్టిక్‌లో చుట్టి ఇచ్చారు గాని, మన సముద్రపు గాలికి అలాగే ఉంచితే బూజు పడుతుంది. గాలి ఆడే నీడలో పెట్టి, మెత్తని కుంచెతో దుమ్ము దులిపితే చాలు. కొత్త వస్తువుగా చూస్తే ఇచ్చిన ధర ఎక్కువేమీ కాదు. అక్కడే ఉన్న కొయ్య ముఖతొడుగులు మాత్రం అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి, వాటి జోలికి పోనక్కరలేదు.