కోఠిలో కొన్న టైమ్ స్కేల్ చార్టు: బొమ్మలు సూపర్, లెక్కే తేడా

మా వాడు ఏడో తరగతి. డైనోసార్ల పిచ్చి ముదిరి జియలాజికల్ టైమ్ స్కేల్ చార్టు (భూమి చరిత్రని కాలాలుగా విడదీసి గడుల్లో చూపించేది) కావాలని గొడవ చేస్తే, కోఠిలో ఒక పుస్తకాల షాపులో 350 పెట్టి కొన్నాను. మూడడుగుల పొడవు, లామినేషన్, పేర్లూ అంకెలూ ఇంగ్లిష్‌లో, కిందే తెలుగులో.

రంగులకి మాత్రం వంక పెట్టలేం. ట్రయాసిక్‌కి ఊదా, జురాసిక్‌కి నీలం, క్రెటేషియస్‌కి ఆకుపచ్చ, ప్రపంచమంతా జియాలజీ వాళ్లు వాడే రంగులే వేశారు. ట్రైలోబైట్ (ఎప్పుడో అంతరించిపోయిన సముద్రపు జీవి) బొమ్మకైతే కాళ్లు లెక్కపెట్టుకోవచ్చు. కాకపోతే ట్యూబ్‌లైట్ వేస్తే లామినేషన్ మెరిసిపోయి పెర్మియన్ దగ్గర ఏమీ కనపడదు.

అసలు గొడవ అంకెలతో. డైనోసార్లు పోయింది 6.6 కోట్ల ఏళ్ల కిందట. ఇంగ్లిష్‌లో 66 మిలియన్ అని సరిగ్గానే ఉంది, దాని కింద తెలుగులో 66 కోట్లు! అదే చార్టులో అడుగున, ట్రైలోబైట్లు పుట్టిన కేంబ్రియన్ కాలం మొదలైంది 54 కోట్ల ఏళ్ల కిందట అని ఉంది, అంటే ట్రైలోబైట్లు ఇంకా పుట్టకముందే డైనోసార్లు పుట్టి పోయాయన్నమాట. పట్టుకుంది మా వాడే. షాపుకి తీసుకెళ్లి చూపిస్తే "అంత ఎవరు చూస్తారు మేడమ్, గోడకి అందంగా ఉంది కదా" అన్నాడు, మార్చి ఇవ్వలేదు.

ఇంకోటి, ఇది ఈ ఒక్క చార్టుకే ఉన్న జబ్బు కాదు. భూమి వయసు 454 కోట్ల ఏళ్లు. అందులో కేంబ్రియన్ నుంచి ఇప్పటిదాకా ఉన్న 54 కోట్లకే దాదాపు కాగితమంతా ఇచ్చేసి, ముందటి 400 కోట్లనీ అడుగున రెండు వేళ్ల పట్టీలో 'ప్రీకేంబ్రియన్' అని కుక్కేశారు. బాక్టీరియా, గాలిలోకి ఆక్సిజన్ చేరడం, కేంద్రకం ఉన్న కణాలు, అన్నీ ఆ పట్టీలోనే. మన హైదరాబాద్ మౌలాలి గుట్ట కూడా, ఆ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు మరి.

మా హాలు గోడ పదిహేనడుగులు. కోటి ఏళ్లకి ఒక సెంటీమీటరు చొప్పున పాత చీర అంచు 454 సెంటీమీటర్లు కత్తిరించి అంటించాం. తలుపు పక్క చివర ఇవాళ అనుకుని, అక్కణ్ణుంచి 250 దగ్గర మౌలాలి గుట్టకి ఒక బొట్టుబిళ్ల, 54 దగ్గర కేంబ్రియన్‌కి ఒకటి, డైనోసార్ల ఆఖరి బిళ్ల తలుపు పక్కన ఆరున్నర సెంటీమీటర్ల దగ్గర. మనిషి మూడు లక్షల ఏళ్లు ఎక్కడ పెట్టాలో తెలియలేదు, అంచు కొసన ఒక్క దారం మందం అంతే.

జురాసిక్ గడిలో అన్నీ అమెరికా డైనోసార్లే. యామన్‌పల్లి దగ్గర దొరికిన మన కోటసారస్ లేదు, నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియంలో దాని అస్థిపంజరం నిలబెట్టి ఉంటే కూడా! ఆ చార్టు కొనే డబ్బులతో ముందు అక్కడికి వెళ్లి రండి.

రేటింగ్ 5కి 3. ఎవరైనా బేరమాడి 150కి తెచ్చుకుంటే పర్వాలేదు, వస్తూ ఒక మార్కర్ కూడా కొనుక్కోండి, ఆ రెండు ఆరుల మధ్య చుక్క పెట్టాలిగా.