రొయ్యల చెరువుల మీద ఐదేళ్లు: మస్కిటో బ్రోకర్, సెషన్లు, నా అనుభవం

భీమవరం దగ్గర మా బావవాళ్ల రొయ్యల చెరువులకు 2020 ఆగస్టులో మస్కిటో బ్రోకర్ పెట్టాను. యంత్రాలు పంపే కబుర్లు తీసుకుని, కావాలన్నవాటికి అందించే ప్రోగ్రామునే బ్రోకర్ అంటారు, మస్కిటో అలాంటిది ఒకటి. అప్పుడు 4 చెరువులు. ఇప్పుడు పక్క రైతులవి కూడా కలిపి 12. ఒక్కో గట్టు మీద వైఫై ఉన్న ఒక చిన్న ఈఎస్పీ32 బోర్డు, నీళ్లలో డీవో (కరిగిన ఆక్సిజన్) కొలిచే సెన్సర్, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల స్టార్టర్‌కి ఒక రిలే (బోర్డు నడిపే స్విచ్). దగ్గరి చెరువులకు షెడ్డు వైఫై అందుతుంది, దూరంగా ఉన్నవాటికి సిమ్ రూటర్లు. ఇవన్నీ ఎంక్యూటీటీ అనే కబుర్ల పద్ధతిలో షెడ్డులోని రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద నడిచే ఒకే బ్రోకర్‌తో మాట్లాడుకుంటాయి.

ఎంక్యూటీటీని 1999లో ఐబీఎమ్‌కు చెందిన ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్కామ్ సంస్థకు చెందిన ఆర్లెన్ నిప్పర్ కలిసి తయారుచేశారు. ఎడారిలో చమురు పైపులైన్ల మీద ఉన్న యంత్రాలు ఖరీదైన శాటిలైట్ లింకు మీద తక్కువ మాటల్లో కబురు పంపుకోవడానికి పుట్టింది అది. లైను తెగుతుందనే లెక్కతోనే దాన్ని కట్టారు. చెరువు గట్టు మీద మాకున్న కష్టమూ అదే, అందుకే దాన్ని ఎంచుకున్నాను. ఈ ఐదేళ్లలో నేను ఎక్కువగా నేర్చుకున్నది మాత్రం సెషన్ల గురించే.

సెషన్ అంటే కిరాణా కొట్లో మన పేరు మీద ఉండే ఖాతా లాంటిది. బోర్డు ఏయే కబుర్లు కావాలని చెప్పింది, అది లేని సమయంలో ఏవి వచ్చి ఆగాయి, బ్రోకర్ దాని పేరు మీద రాసి ఉంచుకుంటుంది. బోర్డు మళ్లీ కలిసినప్పుడు ఆ ఖాతా తెరిచి బాకీ ఉన్నవి ఇచ్చేస్తుంది. క్లీన్ సెషన్ అని చెబితే పాత ఖాతా కొట్టేసి కొత్తగా మొదలుపెడుతుంది.

ఆ ఖాతాకు గుర్తు క్లయింట్ ఐడీ ఒక్కటే, అంటే బ్రోకర్‌తో కలిసే బోర్డో ప్రోగ్రామో (క్లయింట్) తన గురించి చెప్పుకునే పేరు. మొదటి నెలలోనే ఇక్కడ దెబ్బతిన్నాను. ఒకే ప్రోగ్రామును రెండు బోర్డుల్లోకి ఎక్కించి పేరు మార్చడం మరిచిపోయాను. ఒకటి కలవగానే బ్రోకర్ రెండోదాన్ని తెంపేస్తుంది, అది వెంటనే మళ్లీ కలిసి మొదటిదాన్ని తెంపిస్తుంది. రెండు రోజులు సిగ్నల్ బాగాలేదనుకుని యాంటెన్నాలు మార్చాను. చివరికి బ్రోకర్ రాసుకునే లాగ్ తెరిస్తే, ఈ క్లయింట్ ఇప్పటికే కలిసి ఉంది, పాత కనెక్షన్ మూసేస్తున్నాను అన్న వాక్యం వందల సార్లు ఉంది. ఇప్పుడు ప్రతి బోర్డు తన చిప్‌లోని మ్యాక్ అడ్రస్ (ఒక్కోదానికి వేరుగా ఉండే నంబరు) నుంచే పేరు కట్టుకుంటుంది.

తర్వాతి దెబ్బ 2021 వేసవిలో, కరెంటు వల్ల. మస్కిటోలో పర్సిస్టెన్స్ అనే సెట్టింగ్ మామూలుగా ఆపేసి ఉంటుంది. అంటే ఖాతాలన్నీ మెమరీలోనే ఉంటాయి, కరెంటు పోతే ఆ పుస్తకం మొత్తం పోతుంది. ఆన్ చేసినా డిస్కు మీద రాసేది 1800 సెకన్లకు ఒకసారి. మధ్యలో కరెంటు పోతే ఆ అరగంట పోయినట్టే. నేను దాన్ని 60 సెకన్లకు తగ్గించి, మెమరీ కార్డు అరిగిపోతుందని చిన్న ఎస్ఎస్‌డీకి మారాను, ఒక యూపీఎస్ కూడా పెట్టాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ పని మొదటి రోజే చేసుకోవాలి.

రీడింగులు పోయిన సంగతి ఇంకా ఆలస్యంగా తెలిసింది. రికార్డు చేసే ప్రోగ్రాము ఒక రాత్రి ఆగిపోయింది. సెషన్ ఉంది కదా, పొద్దున మొత్తం వచ్చేస్తాయని ధైర్యంగా ఉన్నాను. ఒక్కటీ రాలేదు. కారణం బోర్డుల్లో నేను వాడిన పబ్‌సబ్‌క్లయింట్ లైబ్రరీ. అది పంపేవన్నీ క్యూఓఎస్ 0 కింద, అంటే చేరిందో లేదో చూసుకోని తీరులో పంపుతుంది, వాటిని లేనివాళ్ల కోసం దాచిపెట్టడం మస్కిటో మామూలుగా చేయదు. తీసుకునేవాడు క్యూఓఎస్ 1, అంటే చేరినట్టు జవాబు తీసుకునే తీరు అడిగినా, పంపినవాడు 0 అంటే 0 అన్నట్టే లెక్క. బోర్డులన్నీ ఒక్కొక్కటిగా, క్యూఓఎస్ 1తో పంపగల ఈఎస్పీ-ఎంక్యూటీటీ లైబ్రరీకి మార్చడానికి చాలా నెలలు పట్టింది. మార్చాక కూడా ఒక హద్దు ఉంది. ఒక్కో క్లయింట్‌కి దాచే కబుర్లు మామూలుగా 1000. 12 చెరువులు నిమిషానికి ఒక్కో రీడింగ్ పంపితే గంటన్నర నిండకుండానే ఆ హద్దు వచ్చేస్తుంది. ఆపైన వచ్చిన కొత్తవాటిని వదిలేస్తుంది. పాతవి భద్రంగా ఉండి, మనకు కావలసిన తాజావే పోతాయి. రికార్డు ప్రోగ్రాము కోసం ఆ హద్దును 20,000కు పెంచాను.

ఇవన్నీ సరిదిద్దుకోగలిగినవే. నన్ను నిజంగా భయపెట్టింది మాత్రం ఒక రాత్రి.

రొయ్యల చెరువు సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. చీకటి పడ్డాక నాచూ నీళ్లలోని జీవాలూ అన్నీ ఆక్సిజన్‌ను వాడుకోవడమే తప్ప తయారయ్యేది ఉండదు. తెల్లవారుజామున డీవో అన్నిటికంటే తగ్గుతుంది. ఆ సమయంలో ఏరేటర్లు తిరగకపోతే పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. ఆ రోజు సాయంత్రం మేత వేసేముందు బావ ఫోన్‌లో 7వ చెరువు ఏరేటర్లు ఆపమని నొక్కాడు. సిమ్ రూటర్ పనిచేయక కబురు చేరలేదు. గట్టు మీదున్న అన్న చేత్తో ఆపి, మేత అయ్యాక చేత్తోనే వేశాడు. బావ నొక్కిన ఆ కబురు మాత్రం బ్రోకర్ దగ్గర ఖాతాలో ఆగి ఉంది. రాత్రి 2 దాటాక సిగ్నల్ వచ్చింది, బోర్డు కలిసింది, బ్రోకర్ తన బాధ్యతగా ఆ పాత కబురు అందించింది. ఏరేటర్లు ఆగిపోయాయి. పడుకున్న అన్నకు ఆ చప్పుడు ఆగడంతోనే మెలకువ వచ్చింది. పరుగెత్తి స్టార్టర్ నొక్కాడు. రొయ్యలు దక్కాయి. నాకు మాత్రం ఆ వారమంతా నిద్ర లేదు.

బ్రోకర్ తప్పు ఏమీ లేదు, దాచమన్నది దాచింది. రీడింగ్ ఎంత పాతదైనా రికార్డులో పనికొస్తుంది, ఆజ్ఞ మాత్రం రెండు నిమిషాలు దాటితే ప్రమాదం. రెండింటినీ నేను ఒకే తీరుగా చూశాను. ఇప్పుడు ఆజ్ఞలకు గడువు 60 సెకన్లు. ఎంక్యూటీటీ 5లో, అంటే 2019లో ఓయాసిస్ అనే ప్రమాణాల సంస్థ నుంచి ప్రమాణంగా వచ్చిన వెర్షన్‌లో, ఒక్కో కబురుకు ఇలా గడువు పెట్టొచ్చు. గడువులోపు పంపలేకపోతే బ్రోకరే పారేస్తుంది. దానికి తోడు ప్రతి ఆజ్ఞలోనూ పంపిన సమయం ఉంటుంది, ఆపమనే ఆజ్ఞ పాతదైతే బోర్డు ఒప్పుకోదు. రాత్రి 11 నుంచి ఉదయం 6 వరకు డీవో 4 కంటే తక్కువుంటే ఆపమనే తాజా ఆజ్ఞ అయినా ఒప్పుకోదు.

సెషన్ గడువు పెట్టే వీలు కూడా వెర్షన్ 5లోనే వచ్చింది, సెకన్లలో చెప్పొచ్చు. బోర్డులకు ఒక రోజు, రికార్డు ప్రోగ్రాముకు 7 రోజులు పెట్టాను. పాత వెర్షన్ 3.1.1తో నడిచే బోర్డు ఇంకా ఒకటి మిగిలింది. దాని కోసం బ్రోకర్‌లోనే, 14 రోజులు కనబడని క్లయింట్ ఖాతా తీసేయమని రాశాను. లేకపోతే పాడైపోయి మార్చేసిన బోర్డుల ఖాతాలు కూడా అలాగే పడి ఉంటాయి.

బోర్డు పోయిందో ఉందో తెలిసే పద్ధతి నాకు బాగా నచ్చింది. కీప్ అలైవ్, అంటే ఇంతలోపు ఏదో ఒకటి పంపుతానని బోర్డు ఇచ్చే మాట, 60 సెకన్లు పెడితే, దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 90 సెకన్లు బోర్డు నుంచి ఏమీ రాకపోతే, అది ముందే రాసిచ్చిన ఆఖరి కబురును బ్రోకర్ అందరికీ పంపుతుంది. మొదట్లో లైబ్రరీలో ఉన్న 15 సెకన్లే వదిలేశాను. సిగ్నల్ ఊగినప్పుడల్లా అలారం మోగి ఇంట్లో అందరికీ టెన్షన్. ఇప్పుడు ఆఖరి కబురుకు 120 సెకన్ల ఆలస్యం పెట్టాను, ఈలోపు బోర్డు తిరిగి కలిస్తే అలారం రాదు. ఇదీ వెర్షన్ 5 సౌకర్యమే.

మస్కిటో 2.0కి మారినప్పుడు ఒక పూట అన్నీ ఆగిపోయాయి. ఆ వెర్షన్ నుంచి మనం విడిగా రాయకపోతే బయటి కనెక్షన్లు, పాస్‌వర్డ్ లేని కనెక్షన్లు తీసుకోదు. ఆ మార్పు మంచిదే. నలుగురు రైతులు ఒకే బ్రోకర్ వాడుతుంటే ఒకరి ఏరేటర్ ఇంకొకరు నొక్కకుండా చూడాలి, ఒక్కో రైతు పేరుతో వేరు హక్కులు రాయడం కూడా ఇందులో తేలిక.

నాకున్న అసంతృప్తి ఒక్కటే. ఏ సెషన్‌లో ఎన్ని కబుర్లు ఆగి ఉన్నాయో పేరు పేరునా చూద్దామంటే నేరుగా చూపించదు. మొత్తం లెక్కలే ఇస్తుంది. ఆ రాత్రి ముందే 7వ చెరువు ఖాతాలో ఒక కబురు ఆగి ఉందని కనబడి ఉంటే తీసేసేవాణ్ణి. ఇంత చిన్న యంత్రం మీద, ఇంత తక్కువ ఖర్చుతో నడిచేది ఇంకొకటి నాకు దొరకలేదు కాబట్టి మార్చే ఆలోచన లేదు.

ఈ నెల ఇంకో 3 చెరువులు కలపాలని బావ అడిగాడు. బోర్డులు వచ్చాయి. ఒక్కోదాని పేరు చదివి, స్టిక్కర్ మీద రాసి, డబ్బా మూత మీద అంటిస్తున్నాను.