క్లాత్ డైపర్లు: 20 నెలలు ఉతికినవాడి మాట

మా ఇంట్లో డైపర్లు ఉతికేది నేను. మా ఆవిడ స్టాఫ్ నర్సు, పొద్దున ఏడున్నరకే డ్యూటీకి బయల్దేరుతుంది. నేను షాపు తెరిచేది పదింటికి. మధ్యలో ఆ రెండున్నర గంటలు నేను, పాప, బకెట్. నల్లగొండలో, బోరు నీళ్ల ఇంట్లో, 20 నెలలు వాడాక రాస్తున్నాను.

ముందే చెప్పేస్తా. పైకవరు బాగుంది. లోపల పెట్టమని ఇచ్చిన ప్యాడ్ మా నీళ్లకు పనికిరాలేదు. ఆ సంగతి తెలుసుకునేసరికి మూడు నెలలు, ఓ రెండు వేల రూపాయలు పోయాయి.

మొదటి కాన్పు కాబట్టి పాప పుట్టింది జడ్చర్లలో, మా అత్తగారింట్లో. ఐదో నెల దాకా అక్కడ అన్నీ లంగోటీలే. అత్తమ్మ పాత నూలు చీరలు చింపి ఓ నలభై ముక్కలు ముందే ఉతికి ఆరేసి పెట్టారు. పసిపిల్ల రోజుకు పదిహేను ఇరవై సార్లు తడుపుతుంది. తడిపినప్పుడల్లా లంగోటీ మారుతుంది, పక్కగుడ్డ మారుతుంది, ఒక్కోసారి ఎత్తుకున్నవాళ్ల చీర కూడా మారుతుంది. నేను శనివారం రాత్రి వెళ్లి సోమవారం పొద్దున్నే వచ్చేవాణ్ని కాబట్టి ఆ చాకిరీ ఎంతో నాకు తెలియలేదు.

జూన్‌లో నల్లగొండ తెచ్చుకున్నాక మొదటి నెలంతా కొన్న డైపర్లే వేశాం. రోజుకు ఐదు, ఒక్కోటి 11 రూపాయలు, నెలకు 1,650. డబ్బుల కంటే చెత్తతో ఎక్కువ తంటా వచ్చింది. చెత్త ఆటో రాని రోజు గేటు పక్కన సంచి పెడితే కుక్కలు లాక్కెళ్లి గల్లీ పొడుగునా చింపేవి. లోపలి జెల్లు వానకు ఉబ్బి, ఉడికిన సగ్గుబియ్యంలా రోడ్డు మీద పడి ఉండేది. పేపర్లో చుట్టి విడిగా ఇవ్వాలన్న సంగతి కూడా నాకు అప్పుడే తెలిసింది. పక్కింటాయన ఏమీ అనలేదు కానీ ఆయన చూపు చాలు.

అప్పుడు పది క్లాత్ డైపర్ల సెట్ తెప్పించాం. ఒక్కోటి 450 చొప్పున 4,500. చూడని వాళ్ల కోసం చెప్తాను. పైన ఒక కవరు. దాని బయటి పొర పాలియురెథేన్ పూత పూసిన పాలిస్టర్ గుడ్డ, దీన్నే పీయూఎల్ అంటారు. నీళ్లు బయటికి రావు. లోపలి పొర మెత్తని సింథటిక్ గుడ్డ, తడిని కిందికి వదిలేసి తను పొడిగా ఉంటుంది. ఈ రెండింటికీ మధ్య జేబులాంటి సందు, అందులో పీల్చే ప్యాడ్ దూర్చాలి. ముందు వైపు మూడు వరసల టిచ్ బటన్లు ఉంటాయి. పిల్ల ఎదిగేకొద్దీ వరస మారుస్తూ 5 కిలోల నుంచి 17 కిలోల దాకా అదే కవరు వాడొచ్చన్నారు. మా పాపకు ఇప్పుడు 11 కిలోలు, ఇంకా ఒక వరస మిగిలే ఉంది. బటన్ల బదులు అంటుకునే పట్టీ ఉన్నవి కూడా దొరుకుతాయి కానీ తీసుకోకండి. ఉతికేటప్పుడు పట్టీకి దారాలు, వెంట్రుకలు పట్టుకుని నాలుగు నెలలకు అది అంటుకోవడమే మానేస్తుంది. మా తోడల్లుడి ఇంట్లో అదే జరిగింది.

పార్సిల్ విప్పగానే మా అమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గీ లంగోటికి నాలుగు వందల యాభయ్యా? నీకేమన్న పిచ్చి లేసిందారా?"

రెండు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. రెండున్నర గంటలకోసారి మార్చేవాళ్లం, కారేది కాదు. మూడో నెలలో మొదలైంది తంటా. వేసిన అరగంటకే తొడల దగ్గర తడి. ప్యాడ్ పట్టుకుంటే అప్పడంలా గట్టిగా ఉంది. సరిగ్గా పెట్టలేదేమోనని మా ఆవిడ నన్ను, బటన్లు వదులుగా పెట్టిందని నేను ఆమెను అనుకుంటూ పది రోజులు గడిపాం. తర్వాత పొద్దున బకెట్ మూత తీస్తే కళ్లు మండేంత ఘాటు వాసన మొదలైంది. ఆ వారంలోనే పాపకు తొడల సందుల్లో ఎర్రగా కమిలింది. పిల్లల డాక్టరు చూసి, నాలుగు రోజులు గుడ్డ డైపర్ ఆపి గాలి తగలనివ్వమన్నారు. అమ్మ కొబ్బరి నూనె రాసింది. తగ్గింది. తగ్గాక కూడా రాస్తూనే ఉంది, ఆ నూనెతోనే డైపర్ వేశాం. దాంతో కారడం ఇంకా ఎక్కువైంది.

ఒక ఆదివారం కూర్చుని అసలేం జరుగుతోందో చూశాను. ప్యాడ్ పెట్టిన డైపర్‌ను నేల మీద పరిచి గ్లాసుతో నీళ్లు పోశాను. నీళ్లు ఇంకలేదు. చుక్కలు చుక్కలుగా దొర్లి పక్కకు జారిపోయాయి. అది నూనె చేసిన పని. లోపలి సింథటిక్ పొరకు నూనె పట్టిందంటే తడిని కిందికి వదలదు. ప్యాడ్ బయటికి తీసి, సబ్బు ఏమీ వేయకుండా ఉత్త వేడినీళ్లలో పిండితే తెల్లటి నురగ వచ్చింది. ఎన్నిసార్లు పిండినా నురగే. మూడు నెలల సర్ఫు అందులోనే కూర్చుని ఉంది.

నల్లగొండ నీళ్లు అనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. గుడ్డను బిరుసు చేసేది మాత్రం ఫ్లోరైడ్ కాదు, నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. మా వేన్నీళ్ల రాడ్‌కు ఆరు నెలలకోసారి సుత్తితో కొట్టి ఊడదీసే తెల్ల పెచ్చు ఉంటుంది చూడండి, అదే పదార్థం ప్యాడ్ పోగుల్లో కూడా పేరుకుంటుంది. ఇలాంటి ఉప్పు నీళ్లలో సర్ఫు సరిగ్గా నురగ రాదు, రాలేదని మనం ఇంకో గుప్పెడు వేస్తాం, అది పోగుల్లో ఇరుక్కుంటుంది. సెట్‌తో వచ్చిన ప్యాడ్ మైక్రోఫైబర్, అంటే సన్నని సింథటిక్ పోగుల గుడ్డ. దాని పోగు వెంట్రుక కంటే సన్నం, అందుకే సందులు ఎక్కువ, అందుకే బాగా పీలుస్తుంది. ఆ సందుల్లోకి పోయినది బయటికి రావడం కూడా అంతే కష్టం. సరిగ్గా వదలని ఉచ్చలో బ్యాక్టీరియా చేరి యూరియాను అమ్మోనియా చేస్తుంది. ఆ ఘాటు అదే.

మా గల్లీకి కృష్ణా నీళ్ల నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకానికి పైలాన్ పెట్టింది మన పాత నల్లగొండ జిల్లా చౌటుప్పల్‌లోనే అయినా, ఆ నీళ్లు డైపర్లకు కూడా కావాలని నాకు అప్పటిదాకా తోచలేదు. ఆ ఆదివారం నాలుగు బకెట్లు పట్టి ప్యాడ్లన్నీ వేడినీళ్లలో నానబెట్టి, నురగ పోయేదాకా ఏడుసార్లు జాడించాను. కవర్లకు పట్టిన నూనె పోవడానికి గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి చేత్తో రుద్దాను. పని చేసింది. నెలన్నరకు మళ్లీ మొదటికొచ్చింది. ప్రతిసారీ ఏడు జాడింపులంటే అయ్యే పనేనా?

వెదురు నూలు ప్యాడ్లు నాలుగు కొన్నాను, 1,200. బాగా పీలుస్తాయి, ముసురు పట్టిందంటే మాత్రం ఒకటిన్నర రోజైనా ఆరవు. వంటింట్లో ఫ్యాన్ కింద తాడు కట్టి ఆరేస్తే ఇల్లంతా ముక్కిన వాసన. వాటిని పక్కన పెట్టేశాను.

దారి చూపింది అమ్మే. ఓ సాయంత్రం ప్యాడ్లన్నీ తడిగా ఉంటే, బీరువాలోంచి నాన్న పాత నూలు పంచె తీసి చించి, ఎనిమిది మడతలు పెట్టి ఆ జేబులో దూర్చింది. నాన్న పోయాక ఆ పంచెలు అలాగే మడిచి ఉన్నాయి. నేను వద్దనేలోపే చించేసింది. "ఏం చేసుకుంటం రా బీరువల పెట్టి" అంది.

రెండు గంటలు కారలేదు. ఉతికితే పంచె విచ్చుకుని ఒక్క పొర అవుతుంది కాబట్టి సర్ఫు రెండు జాడింపుల్లో పోతుంది. వానాకాలంలో కూడా ఫ్యాన్ కింద మూడు నాలుగు గంటల్లో ఆరుతుంది, ఎండ ఉంటే గంట చాలు. పసుపుపచ్చ మరకలు ఒక్కరోజు ఎండకే పోతాయి. బోరు నీళ్లకు కొంచెం బిరుసెక్కినా రెండు చేతులతో నలిపితే మెత్తబడుతుంది. అప్పటినుంచి ఇప్పటిదాకా మా డైపర్ అంటే కంపెనీ కవరు, లోపల నాన్న పంచె. మొత్తం మూడు పంచెలు, పన్నెండు ముక్కలు.

రాత్రికి ఇది చాలదు. పాప పదింటికి పడుకుంటే రెండింటికి పక్క తడిసేది. రెండు ముక్కలు కలిపి పెడితే కాళ్లు దగ్గరికి రానంత లావు. నెల రోజులు పోరాడి, రాత్రికి ఒక్క కొన్న డైపర్ వేయడానికి ఒప్పుకున్నాం. నెలకు 330 రూపాయలు. నిద్ర కంటే ఎక్కువేం కాదు.

ప్రయాణాలకు కూడా అంతే. ఒకసారి పంతానికి పోయి క్లాత్ డైపర్‌తోనే దేవరకొండ, కల్వకుర్తి మీదుగా జడ్చర్ల బస్సెక్కాం. కల్వకుర్తి బస్టాండ్ చేరేసరికి మా ఆవిడ కొత్త చీర కుచ్చిళ్లు తడిసి ముద్దయ్యాయి. ఒళ్లో కూర్చోబెట్టుకుంటే కవరు కాలి అంచు లోపలికి మడుచుకుని ఆ సందులోంచి కారింది. డైపర్ తప్పు కాదు, కూర్చున్న తీరు. ఆ మాట నేను అప్పుడే అని ఉండకూడదు.

కవర్ల సంగతికి వస్తే, పదిలో మూడు పోయాయి. తప్పు నాదే. మే నెలలో మేడ మీద రేకుల పైన, పీయూఎల్ వైపు ఎండకు పెట్టి ఆరేశాను. రెండింటికి లోపలి పూత పొరలు పొరలుగా లేచింది, ఇంకోదానికి కాళ్ల దగ్గర ఎలాస్టిక్ సాగి వదులైపోయింది. ముక్కలు ఎండలో, కవర్లు నీడలో ఆరేయాలి. కవర్లకు మరిగే నీళ్లు వద్దు, ఇస్త్రీ అసలే వద్దు. పాప అన్నం తినడం మొదలుపెట్టాక దొడ్డికెళ్తే ముందు టాయిలెట్‌లో దులిపి, జెట్ స్ప్రేతో కడిగి అప్పుడు బకెట్‌లో వేయాలి. అది రాసినంత తేలిక కాదు, చేస్తే అలవాటవుతుంది.

ఖర్చు విషయానికి వస్తే, సెట్‌కు 4,500, వెదురు ప్యాడ్లకు 1,200. నెలకు 1,650 పోయేచోట 330 పోయింది, సర్ఫుకు, మెషిన్ కరెంటుకు ఓ రెండు వందలు వేసుకున్నా ఐదారు నెలల్లో పెట్టింది తిరిగొచ్చింది. ఇప్పుడు కొనాల్సి వస్తే ఎనిమిది కవర్లే కొంటాను, ప్యాడ్లు లేకుండా ఇస్తారేమో అడుగుతాను.

పోయిన నెల నుంచి పాప ఆ టిచ్ బటన్లు తనే పటపటా ఊడదీసి, తడిసిన డైపర్ తెచ్చి నానమ్మ ఒళ్లో వేసి పరుగెడుతోంది. కాబట్టి పగటి పూట దుకాణం ఇక మూసినట్టే. మిగిలిన ఏడు కవర్లు ఉతికి సంచిలో పెట్టాను. మరదలికి మే నెలలో కాన్పు, జడ్చర్ల పంపాలి. సంచి ముడేస్తుంటే అమ్మ వచ్చి లోపలికి తొంగి చూసింది.

"కవర్లు ఇస్తే ఇయ్యి. మీ నాయిన పంచెలు మాత్రం తీసి ఇటియ్యి" అంది.