నాన్ కాంటాక్ట్ టెస్టరా, నియాన్ టెస్టరా, రెండు ప్రోబుల టెస్టరా: ఏది మేలు?

స్విచ్ బోర్డు విప్పి లోపల చెయ్యి పెట్టే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఇందులో కరెంటు ఉందా, లేదా? "ఉంది" అని చెప్పే పరికరాలు చాలానే దొరుకుతాయి. "లేదు" అని నమ్మకంగా చెప్పేవి తక్కువ. టెస్టర్ కొనేటప్పుడు నేను ముందు చూసేది ఈ రెండో సంగతే.

అలా చూడడం నాకు ఒక దెబ్బతో అలవాటైంది. ఒకసారి పాత ఫ్యాన్ రెగ్యులేటర్ మార్చాలని ఆ లైనుకి కరెంటు ఆపే ఎం.సి.బి. స్విచ్ దించాను. వైరుని తాకకుండానే కరెంటు పసిగట్టే, పెన్నులాంటి నాన్ కాంటాక్ట్ టెస్టర్ వైర్ల దగ్గర పెడితే లైటూ వెలగలేదు, శబ్దమూ రాలేదు. సరేనని ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి కటింగ్ ప్లయర్‌తో ఒకేసారి కత్తిరించాను. ఠప్పుమని మెరుపు వచ్చింది. బ్లేడు అంచున జొన్నగింజంత గుంట పడింది, కళ్ల ముందు కాసేపు పచ్చటి చుక్కలు తిరిగాయి. తర్వాత చూస్తే బోర్డు మీద ఎం.సి.బి.ల పేర్లు తారుమారుగా రాసి ఉన్నాయి, టెస్టర్‌లో సెల్స్ అయిపోయి ఉన్నాయి. సెల్స్ అయిపోయిన టెస్టరూ, కరెంటు లేని వైరు దగ్గర పెట్టిన మంచి టెస్టరూ ఒకేలా మౌనంగా ఉంటాయి.

ఇలా ఎందుకో తెలియాలంటే అది పనిచేసే తీరు చూడాలి. దాని మొనలో చిన్న లోహపు సెన్సర్ ఉంటుంది. ఏసీ ఉన్న వైరు చుట్టూ విద్యుత్ క్షేత్రం మారుతూ ఉంటుంది. వైరుకీ సెన్సర్‌కీ మధ్య ఉన్న ఇన్సులేషన్ చిన్న కెపాసిటర్‌లా పనిచేసి అతి కొద్ది కరెంటును టెస్టర్‌లోకి పంపుతుంది. అది మన చేతి మీదుగా, ఒంటి మీదుగా నేలకి చేరుతుంది. లోపలి సర్క్యూట్ దాన్ని పెద్దది చేసి లైటు వెలిగిస్తుంది. అంటే పెన్ను పట్టుకున్న మనం కూడా ఆ సర్క్యూట్‌లో భాగమే. మందపాటి గ్లవ్స్ వేసుకుని, ఫైబర్ నిచ్చెన మీద నిలబడి చూస్తే అది మందగించవచ్చు. డీసీని అసలు పట్టుకోదు. సోలార్ ప్యానెల్ వైర్లలో, ఇన్వర్టర్ బ్యాటరీ వైపు దాని మౌనానికి అర్థమే లేదు. వైరు ఎర్త్ చేసిన లోహపు పైపులోనో, లోహపు తొడుగున్న ఆర్మర్డ్ కేబుల్‌లోనో ఉంటే క్షేత్రం బయటికి రాదు. మూడు ఫేజుల వైర్లు ఒకే కట్టలో ఉంటే ఒకదాని క్షేత్రం ఇంకోదాన్ని చాలావరకు కొట్టేస్తుంది.

అలాగని దాన్ని తీసి పారేయమనడం లేదు. ఇన్సులేషన్ తీయకుండా, దేన్నీ ముట్టకుండా ఫేజు వైరు ఏదో చెప్పడంలో దానికి సాటి లేదు. ఎక్స్‌టెన్షన్ వైరు ఎక్కడ తెగిందో వెతకాలంటే దాని పొడవునా పెన్ను నడిపిస్తే శబ్దం ఆగిన చోట చాలాసార్లు దొరికిపోతుంది. అది అరిచిందంటే చెయ్యి వెనక్కి తీసుకోవాలి. పక్క వైరు ప్రభావంతోనో, స్టాటిక్ వల్లో తప్పుగా అరిచినా నష్టం లేదు, ఇంకోసారి చూసుకుంటాం.

నియాన్ టెస్టర్, అంటే స్క్రూడ్రైవర్ పిడిలో చిన్న బల్బు ఉండేది, అందరికీ తెలిసిందే. బల్బుకి వరసగా సుమారు ఒక మెగా ఓమ్ రెసిస్టర్ ఉంటుంది. 230 వోల్టుల దగ్గర మన ఒంట్లోంచి పోయేది దాదాపు పావు మిల్లీ ఆంపియర్, అందుకే షాక్ తెలియదు. సెల్స్ అక్కర్లేదు, అదే దాని గొప్ప. కానీ మనకీ కరెంటుకీ మధ్య ఉన్నది ఆ ఒక్క రెసిస్టరే. తడి తగిలినా, పిడి పగిలినా నేను దాన్ని మళ్లీ వాడను. ఎండలో వెలుగు కనబడదు. రబ్బరు చెప్పులతో ఎండిన చెక్క స్టూలు మీద నిలబడితే మరీ మసగ్గా వెలుగుతుంది.

న్యూట్రల్ తెగిన చోట ఈ రెండు టెస్టర్లూ మనల్ని తికమక పెడతాయి. సాకెట్ పనిచేయడం లేదు, కానీ రెండు రంధ్రాల్లోనూ నియాన్ వెలుగుతోంది. కొత్తవాళ్లు "రెండిట్లోనూ ఫేజు వచ్చేసింది" అని టెన్షన్ పడతారు. ఆ లైన్ మీద ఎక్కడో ఒక బల్బో ఫ్యానో స్విచ్ ఆన్‌లో ఉండి ఉంటుంది. ఫేజు దాని మీదుగా వెళ్లి, తెగిన న్యూట్రల్ దగ్గర ఆగిపోయి, ఆ రంధ్రాన్ని కూడా లైవ్ చేస్తుంది. ఒంటి మొన టెస్టర్ "కరెంటు ఉంది" అంటుంది, ఆ మాట నిజమే. అసలు జబ్బు మాత్రం చెప్పలేదు.

అక్కడ రెండు ప్రోబుల టెస్టర్, అంటే వైరుతో కలిపిన రెండు మొనల్ని రెండు చోట్ల తాకించి చూసేది, కావాలి. ఒక ప్రోబు ఫేజులో, ఒకటి న్యూట్రల్‌లో పెడితే దాదాపు సున్నా. న్యూట్రల్‌లోని ప్రోబు తీసి ఎర్త్‌లో పెడితే పూర్తి వోల్టేజీ. రెండు రీడింగులతో లోపం న్యూట్రల్‌దేనని తేలిపోయింది. ఈ రకానికి ఐఈసీ 61243-3 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, 1000 వోల్టుల ఏసీ, 1500 వోల్టుల డీసీ దాకా వర్తిస్తుంది. డీసీని కూడా చూపుతుంది, మన ఒంటి మీద ఆధారపడదు. సెల్స్ అయిపోయినా ప్రమాదకర వోల్టేజీకి హెచ్చరిక లైటు వెలిగే మోడళ్లు చాలా ఉన్నాయి. కాకపోతే లోహాన్ని తాకించాలి, రెండు చేతులూ కావాలి.

మల్టీమీటర్ ఉంటే చాలదా అని అడుగుతారు. కొలతకి మంచిదే. కానీ సాధారణ డిజిటల్ మీటర్ లోపలి నిరోధం 10 మెగా ఓమ్‌లు. అంత ఎక్కువ కాబట్టి, ఎక్కడా కలపని వైరు లైవ్ వైరు పక్కన పరిగెడితే చాలు, మీటర్ పదుల వోల్టులు చూపిస్తుంది. ప్రోబు ఆంపియర్ల రంధ్రంలో మర్చిపోయి వోల్టేజీ చూస్తే షార్టే. రెండు ప్రోబుల టెస్టర్‌లో ఈ తప్పుకి చోటే లేదు.

కాబట్టి కరెంటు పనే వృత్తి అయితే, లేదా ఇంట్లో వైర్ల మీద చెయ్యి వేసేవారైతే, ముందు రెండు ప్రోబుల టెస్టర్ కొనండి. నాన్ కాంటాక్ట్ టెస్టర్ రెండోది, జేబులో ఉండేది. నియాన్‌ది నాకు మూడో స్థానం.

నాన్ కాంటాక్ట్‌లో ఏది అంటే, తాను పనిచేస్తున్నానని తానే చెప్పేది. ఫ్లూక్ 1ఏసీ-II ఆన్‌లో ఉన్నంతసేపు కొద్ది సెకన్లకోసారి మెరుస్తూ ఉంటుంది. ఆ మెరుపు ఆగితే దాని మౌనాన్ని నమ్మకూడదని తెలిసిపోతుంది. క్లైన్ ఎన్‌సీవీటీ-2 లాంటి రెండు రేంజిల మోడళ్లు 12 వోల్టుల ఏసీని కూడా పట్టుకుంటాయి, కాలింగ్ బెల్ ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర పనికొస్తాయి. అంత సున్నితం కాబట్టి బోర్డులో పక్క వైర్లకి కూడా అరుస్తాయి. ఇంటి వైరింగ్‌కే అయితే 90 వోల్టుల దగ్గర మొదలయ్యేది చాలు. ఏది కొన్నా టెస్టర్ మీద క్యాట్ రేటింగ్, అంటే దాన్ని ఎక్కడి దాకా వాడొచ్చో చెప్పే గుర్తు, చూడండి: డిస్ట్రిబ్యూషన్ బోర్డుకి క్యాట్ III, మీటరు దగ్గరికి క్యాట్ IV.

ఇక వాడే పద్ధతి. ముందు కరెంటు ఉందని తెలిసిన సాకెట్ దగ్గర చూడాలి. తర్వాత పని చేయబోయే వైరు. ఆ తర్వాత మళ్లీ ఆ తెలిసిన సాకెట్. ఈ మూడోది చాలామంది వదిలేస్తారు. మధ్యలో సెల్ అయిపోయినా, టెస్టర్ కిందపడి చెడిపోయినా బయటపడేది అక్కడే. ఆ రోజు నేను మొదటిదీ చూడలేదు, మూడోదీ చూడలేదు.