దోమలకు మీటర్ పెట్టిన చోట రెండు రాత్రులు: ఎవర్‌గ్లేడ్స్, ఫ్లెమింగో క్యాంప్‌గ్రౌండ్

అమెరికాలో ఫ్లోరిడా దక్షిణం కొసన ఉండే ఎవర్‌గ్లేడ్స్ నేషనల్ పార్కుకి వెళ్లొచ్చి "ఏముంది అక్కడ, గడ్డీ మొసళ్లూ తప్ప" అనేవాళ్లలో మొన్నమొన్నటి దాకా నేనూ ఒకణ్ణి. ఉండేది టాంపాలో కాబట్టి మయామీ వైపు వెళ్లినప్పుడల్లా ఓ రెండు గంటలు ఆగడం, మొసలి కనపడేలా ఫొటో దిగడం, ఎండని తిట్టుకుంటూ కారెక్కడం, అంతే. 2025 ఫిబ్రవరిలో మాత్రం పార్కు చివర్న ఉండే ఫ్లెమింగో క్యాంప్‌గ్రౌండ్‌లో రెండు రాత్రులు పడుకున్నాం. రాత్రి ఉంటే తప్ప ఈ పార్కు అర్థం కాదని అప్పుడు తెలిసింది. దోమలకి సిద్ధపడకుండా వెళ్తే మాత్రం ఆ ఒక్క రాత్రికే దండం పెట్టి పారిపోయి వస్తారు, అది కూడా ముందే చెప్తున్నాను.

వెళ్లింది నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల మా వాడు, ఇండియా నుంచి వచ్చిన నాన్న. అమ్మ టెంట్ అన్న మాట వినగానే రానని చెప్పేసి చెల్లి వాళ్లింట్లో ఉండిపోయింది. నాన్నది తాళ్లరేవు పక్క ఊరు, కోరింగ మడ అడవుల్లో చిన్నప్పుడు పడవ వేసుకుని తిరిగిన మనిషి. "ఫ్లోరిడాలో కూడా మడ అడవి ఉంది నాన్నా" అంటే నమ్మలేదు. "సముద్రం పక్కన బురదుంటే చాలనుకున్నావా, మడ రావాలంటే ఏటి నీళ్లు కలవాలి" అన్నారు. ఇక్కడా అంతే. ఒకీచోబీ సరస్సు నుంచి దక్షిణానికి నెమ్మదిగా, అసలు పారుతున్నట్టే కనపడకుండా వచ్చే మంచినీళ్లు గడ్డి మైదానాల మీదుగా వచ్చి ఫ్లోరిడా బేలో ఉప్పునీళ్లతో కలుస్తాయి. ఆ కలిసే చోటే మడ. 1947 డిసెంబర్ 6న అధ్యక్షుడు ట్రూమన్ ప్రారంభించిన ఈ పార్కు మొత్తం దాదాపు 15 లక్షల ఎకరాలు.

పార్కుకి ముందు వచ్చే హోమ్‌స్టెడ్ ఊళ్లోనే కారు ట్యాంక్ నింపుకోండి, ఐస్ కొనుక్కోండి, ఆఫ్‌లైన్ మ్యాప్ దింపుకోండి, ఎందుకంటే లోపల సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు. ఊరు దాటేటప్పుడు రాబర్ట్ ఈజ్ హియర్ అనే పళ్ల దుకాణం ఉంటుంది, ఆగి మిల్క్‌షేక్ తాగండి. గేటు దగ్గర కారుకి 35 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. అక్కడి నుంచి ఫ్లెమింగోకి 38 మైళ్లు ఒకటే రోడ్డు.

గేటు దాటాక మొదట ఆగేది రాయల్ పామ్, అనింగా ట్రయిల్. ఒక మైలు కూడా ఉండదు, చెక్క వంతెన మీద నడక, కింద మొసళ్లు, పక్కన రెక్కలు ఆరేసుకుంటూ పాము మెడ పక్షులు. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకి ఇదే బెస్ట్. కానీ కారు దిగగానే అక్కడ నీలం రంగు టార్పాలిన్లు, కొక్కేలున్న సాగే తాళ్లూ పెట్టి ఉంటాయి, ఫ్రీగా వాడుకోవచ్చు. కార్లకి ఎందుకు కప్పుతారంటే నల్ల రాబందులు వచ్చి వైపర్ల రబ్బరు, అద్దాల చుట్టూ ఉండే రబ్బరు పీక్కుని తింటాయి. బోర్డు చదివాను, మా ఆవిడ కూడా చెప్పింది, "అరగంటలో వచ్చేస్తాంగా" అన్నాను. వచ్చేసరికి రెండు రాబందులు బానెట్ మీద పెళ్లి పెద్దల్లా కూర్చుని ఉన్నాయి, ఒక దాని నోట్లో నా కుడి వైపు వైపర్ రబ్బరు వేలాడుతోంది. అదిలించినా కదల్లేదు. ఇండియాలో రాబందులు కరువైపోయి జూలలో గుడ్లు పెట్టించి పెంచుకుంటున్నాం, ఇక్కడేమో కారు రబ్బరు తిని బలుస్తున్నాయి. టార్పాలిన్ కప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది, బద్ధకించకండి.

దారిలో రాక్ రీఫ్ పాస్ అని ఒక బోర్డు ఉంటుంది, "ఎత్తు 3 అడుగులు" అని రాసి. కొండ మధ్య కనుమకి పెట్టినట్టు దీనికి పాస్ అని పేరా అని నాన్న పడీపడీ నవ్వారు. "మా చేలో గట్టు ఇంతకంటే ఎత్తుంటుందిరా" అని బోర్డు పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు. ఇక్కడ ఎత్తు ఒక్క అడుగు మారితే చెట్లే మారిపోతాయి, అందుకే ఆ బోర్డు.

వెస్ట్ లేక్ దగ్గర మడ అడవి లోపలికి అర మైలు చెక్క దారి ఉంది. చాలామంది కారు కూడా ఆపకుండా వెళ్లిపోతారు, మేం ఇక్కడ గంటన్నర ఉన్నాం. నాన్న నాలుగడుగులు వేసి ఆగిపోయారు. పందిరి గుంజల్లా నీళ్లలోకి దిగిన వేళ్లు చూపించి "ఇది ఉప్పు పొన్న కదా" అన్నారు. ఇక్కడ ఎర్ర మడ అంటారు, ఉప్పు పొన్నకి అన్నదమ్ముల వరస. కొమ్మకి జానెడు పొడుగున ఆకుపచ్చగా ములక్కాడ ముక్కల్లాంటివి వేలాడుతున్నాయి. అవి కాయలనుకునేరు, కాదు, చెట్టు మీద ఉండగానే మొలకెత్తేసిన పిల్ల మొక్కలు. కింద పడితే బురదలో నిటారుగా దిగబడతాయి, లేదంటే నీళ్ల మీద తేలుకుంటూ పోయి ఇంకెక్కడో పాతుకుంటాయి. మా వాడికి ఇది మొసలి కంటే నచ్చింది, "చెట్టు మీదే పుట్టేస్తాయా తాతయ్యా" అని పది సార్లు అడిగాడు. ఇంకాస్త ముందుకెళ్తే బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచిన ఊపిరి వేళ్లు. నాన్న వంగి ఒక ఆకుని తెంపకుండానే తిరగేసి, వేలు రాసి నాలిక మీద పెట్టుకుని "ఉప్పు. మన మడే" అన్నారు. తాగిన ఉప్పుని ఆకుల్లోంచి బయటికి తోసేస్తుంది ఈ చెట్టు, సరిగ్గా చూస్తే ఆకు మీద సన్నటి పలుకులు మెరుస్తాయి. దీన్ని వీళ్లు నల్ల మడ అంటారు. మన దగ్గర నల్ల మడ, తెల్ల మడ అని రెండూ ఈ జాతివే.

ఆయన ఇంకో ప్రశ్న వేశారు, తిల్ల చెట్టు ఉందా అని. మన వైపు తిల్ల పాలు కంట్లో పడితే చూపు పోతుందంటారు కదా. సరిగ్గా తిల్ల కాదు గానీ దాని చుట్టమే ఒకటుంది, మాంచినీల్ అని, ఆముదం కుటుంబంలోదే. పాలు తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది, కాయ తింటే ప్రాణం మీదికి వస్తుంది. పిల్లలతో వెళ్తే దారి వదిలి చెట్లలోకి పోనివ్వకండి.

ఇక క్యాంప్‌గ్రౌండ్. రాత్రికి ముప్పై డాలర్ల పైచిలుకు. బల్ల, బొగ్గుల పొయ్యి, మంచినీళ్లు, బాత్రూములు, షవర్లు ఉన్నాయి. షవర్ నీళ్లు సోలార్‌వి, సాయంత్రం స్నానం చేస్తే హాయి, తెల్లారగట్ల చేస్తే కార్తీక స్నానమే. స్థలం అంతా చదునుగా గడ్డి మైదానం, నీడ తక్కువ, కాబట్టి మధ్యాహ్నం టెంట్‌లో పడుకుందాం అనే ప్లాన్ పెట్టుకోకండి. మేం తీసుకున్నది కారు పక్కనే వేసుకునే సైట్. ఫ్లోరిడా బేకి దగ్గరగా కాస్త నడిచి వెళ్లే సైట్లు కూడా ఉన్నాయి, ఇంకోసారి వెళ్తే అవే తీసుకుంటాను, ఎందుకంటే అక్కడ బే గాలి తగులుతుంది, గాలి తగిలే చోట దోమ నిలవదు. టెంట్ వద్దనుకునేవాళ్లకి మంచాలున్న ఎకో టెంట్లు, 2023లో తెరిచిన కొత్త లాడ్జి కూడా ఉన్నాయి. పాత లాడ్జిని 2005లో కత్రీనా, విల్మా తుపాన్లు వరసగా వచ్చి పాడు చేశాయి.

ఫ్లెమింగో విజిటర్ సెంటర్‌లో దోమల మీటర్ ఉంది. నిజంగానే. ముల్లు పెట్టి, హాయి నుంచి మొదలెట్టి భరించొచ్చు, ఘోరం, ఆఖర్న వెర్రెత్తడం దాకా మెట్లు రాసి పెట్టారు. మేం వెళ్లిన రోజు ముల్లు "భరించొచ్చు" దగ్గర ఉంది. చూసి ధైర్యంగా పొయ్యి వెలిగించాం, కోడి ముక్కలు పెట్టాం, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర విప్పాం. సూర్యుడు కిందకి దిగిన పది నిమిషాలకి వచ్చాయి. గుయ్యిమనే చప్పుడు ముందు వినపడి తర్వాత దోమలు కనపడటం నేను అదే మొదటిసారి చూడటం. చేతిలో ప్లేటు, రెండో చేత్తో మొహం కొట్టుకుంటూ, మా వాడు జీన్స్ లోపల కూడా కుడుతున్నాయని గంతులు, మా ఆవిడ నా వైపు చూసిన చూపు, అదంతా రాయను. నాన్న మాత్రం తల చుట్టూ తువ్వాలు చుట్టుకుని "కోరింగలో ఇంతకంటే ఎక్కువుంటాయి" అని తాపీగా ముక్క కొరుక్కుంటూ కూర్చున్నారు. ఎండాకాలంలో అక్కడ ముల్లు ఎక్కడుంటుందో ఊహించుకోండి. డిసెంబర్ నుంచి మార్చి దాకా తప్ప ఎవరు ఫ్రీగా ఇస్తామన్నా ఈ క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్లకండి.

అసలు దెబ్బ దోమల వల్ల కాదు, నుసుముల వల్ల. ఇక్కడ నో-సీ-అమ్స్ అంటారు, పేరుకు తగ్గట్టే కనపడవు, మంట మాత్రం తెలుస్తుంది. నా టెంట్ ఆన్‌లైన్‌లో డిస్కౌంట్‌లో కొన్నది, ఎవరి దగ్గరో ఇక్కడ చెప్పను, దోమతెర గ్యారంటీ అని రాసి అమ్మారు. దోమని ఆపింది, నిజమే. నుసుములు మాత్రం ఆ కన్నాల్లోంచి సినిమా హాల్లోకి జనం వచ్చినట్టు వచ్చాయి. మొదటి రాత్రి దుప్పటి నెత్తి మీదికి లాక్కుని చెమటలో నానాం. టెంట్ కొనేటప్పుడు నో-సీ-అమ్ మెష్ అని రాసి ఉందో లేదో చూసుకోండి, వల కన్నం చాలా సన్నగా ఉండాలి. పొడుగు చేతుల చొక్కాలు, తలకి వేసుకునే వల, రాసుకునే మందు, ఇవి లేకపోతే మిగతా సామాను ఎంత ఉన్నా దండగ.

ఇంత తిట్టి మరి ఎందుకు వెళ్లమంటున్నావంటే, రాత్రి రెండింటికి బాత్రూమ్‌కి లేచాను. గాలి లేచింది, దోమల్లేవు. దగ్గర్లో ఊరి దీపం ఒక్కటి లేదు. తలెత్తితే చుక్కలు, ఎంతలా అంటే పాలపుంత మబ్బేమో అనుకున్నాను. బే వైపు నుంచి నీళ్లలో ఏదో ధబ్‌మని పడిన చప్పుడు, ఎక్కడో గుడ్లగూబ, మళ్లీ నిశ్శబ్దం. వెళ్లి నాన్నని లేపాను. మేమిద్దరం మడత కుర్చీలు వేసుకుని నాలుగింటి దాకా కూర్చున్నాం, హోప్ ఐలాండ్ దగ్గర రాత్రిళ్లు వల వేయడం, బావురు పిల్లి కళ్లు టార్చి వెలుగులో మెరవడం, ఇవన్నీ నాకు నలభై ఏళ్లొచ్చాక మొదటిసారి చెప్పారు. కోరింగకి నేను పిక్నిక్‌కి వెళ్లడమే గానీ రాత్రి ఉన్నది లేదు.

రెండో రోజు మరీనా. అక్కడ రేవులోనే మొసళ్లు పడుకుని ఉంటాయి, సన్నటి మూతి ఉంటే క్రోకడైల్, గుండ్రటి మూతి ఉంటే ఆలిగేటర్, ఈ రెండూ అడవిలో కలిసి బతికే చోటు ప్రపంచంలో దక్షిణ ఫ్లోరిడా ఒక్కటే. సముద్రపు ఆవులనే మానటీలు కూడా వచ్చాయి, నీళ్లలో తేలే గేదెల్లా ఉన్నాయి. ఫ్లెమింగోలో ఫ్లెమింగోలు మాత్రం మాకు ఒక్కటీ కనపడలేదు, వాటికి పులికాట్ వెళ్లాల్సిందే.

బోట్ టూర్ గంటన్నర, ఇది తప్పకుండా చేయండి. బటన్‌వుడ్ కాలవ మీదుగా లోపలి బేల్లోకి తీసుకెళ్తారు. ఈ కాలవ 1950ల్లో పడవల కోసం తవ్వారట, దాంతో ఉప్పునీళ్లు లోపలికి ఎక్కేసి మంచినీళ్ల చెరువుల్లో పెరిగే మొక్కలు పోయాయి, ఆ మొక్కలు తినే పక్షులు పోయాయి. ఆఖరికి 1982లో అడ్డుకట్ట వేశారు. గైడ్ చెప్పిన ఈ ముక్క నేను తెలుగులో చెప్పగానే నాన్న "ఉప్పు ఎక్కితే చేనైనా చెరువైనా అంతే" అన్నారు. మా చేలో రెండెకరాలు రొయ్యల చెరువుల పక్కన పడి చౌడుబారిపోయింది, ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

విజిటర్ సెంటర్‌కి పెట్టిన పేరు గై బ్రాడ్లీది. ఆడవాళ్ల టోపీల మీద ఈకల కోసం కొంగల్ని గుంపులుగుంపులుగా కాల్చేసే రోజుల్లో ఇక్కడ కాపలాదారు, 1905లో వేటగాడి తుపాకీకి చనిపోయాడు. రెండు నిమిషాలు ఆగి చదవండి.

కయాక్ వేయగలిగిన వాళ్లకి చికీలు ఉన్నాయి, నీళ్ల మధ్యలో స్తంభాల మీద కట్టిన చెక్క మంచెలు, పైన కప్పు, పక్కన ఓ టాయిలెట్. పర్మిట్ కావాలి, మంచినీళ్లు గట్టి డబ్బాల్లోనే తీసుకెళ్లాలి, పల్చటి సీసాలైతే రకూన్లనే చిన్న జంతువులు కొరికేస్తాయి. పిల్లాడితో మేం సాహసం చేయలేదు.

అమ్మానాన్నల్ని తీసుకెళ్లే వాళ్లకి ఒక మాట. 2026 జనవరి నుంచి అమెరికాలో నివాసం లేనివాళ్లకి ఈ పార్కులో మనిషికి 100 డాలర్లు అదనంగా కట్టాలి. మేం వెళ్లినప్పుడు ఈ గొడవ లేదు. అయిదుకి నాలుగు చుక్కలు ఇస్తున్నాను, తగ్గించిన ఆ ఒక్కటీ నుసుములకి. టెంట్ మార్చేశాను, వైపర్లు కూడా. వచ్చే ఫిబ్రవరికి అమ్మ కూడా వస్తానంటోంది, లాడ్జి అయితేనే.